హాల్ట్ స్టేషన్‌లో టికెట్ తిప్పలు

ఊరి హాల్ట్‌లో స్టేషన్ మాస్టర్ ఉండడు, సిగ్నల్ కూడా ఉండదు. టైమ్‌టేబుల్‌లో ఆగాలని ఉంది కాబట్టే లోకోపైలట్ బండి ఆపుతాడు, అదీ నిమిషమే.

టికెట్లు అమ్మేది సాధారణంగా కమీషన్ ఏజెంటు. స్టాకు ముందే డబ్బు కట్టి పెద్ద స్టేషన్ నుంచి తెచ్చుకుంటాడు. పండగ రోజుల్లో అది అయిపోతుంది, దూరం ఊళ్లకైతే అసలు దొరకదు. జంక్షన్ దాకా కొని, అక్కడ మళ్లీ తీసుకోవడమే.

టికెట్ కిటికీ మూసి ఉంటే ఊరికే ఎక్కేయకండి. చివరి పెట్టెలో ఉండే గార్డుకు (2022 నుంచి పేరు ట్రైన్ మేనేజర్, ఊళ్లో మాత్రం ఇప్పటికీ గార్డే) ముందే చెప్పి, అనుమతి చీటీ తీసుకోండి. అది ఉంటే చార్జీ ఒక్కటే. లేకుంటే చార్జీ మీద కనీసం 250 రూపాయల జరిమానా.

ఫోన్‌లో పేపర్‌లెస్ టికెట్ అయితే ఇంటి దగ్గరే తీసుకోండి. ప్లాట్‌ఫాం మీద నిలబడితే జీపీఎస్ పట్టేస్తుంది, యాప్ టికెట్ ఇవ్వదు.

ప్లాట్‌ఫాం ఎత్తు చాలాచోట్ల 455 మిల్లీమీటర్లే. ముసలివాళ్లుంటే ముందు వాళ్లను ఎక్కించి, మూటలు తర్వాత అందించండి.