నాన్న ఊపిరితిత్తుల్లో ఫంగసా, బ్యాక్టీరియానా? సీటీ చెప్పినదెంత

మాది ఉద్దానం, కవిటి వైపు. మా దగ్గర ఏ ఆసుపత్రికెళ్లినా ముందు అడిగేది క్రియాటినిన్ ఎంతని, అంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష. నాన్నకి అది ఎక్కువే. దానికి తోడు షుగరు, బీడీలు తెచ్చిపెట్టిన పాత ఆయాసం. ఎగశ్వాస వచ్చినప్పుడల్లా ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మింగేవారు.

ఈసారి దగ్గుతో పాటు ఒళ్లు కాస్త వెచ్చబడింది, అంతే. పెద్ద వయసులో లోపల ఎంత ముదిరినా జ్వరం గట్టిగా రాకపోవచ్చట. అన్నం మానేసి మగతగా పడుకోవడమే మమ్మల్ని భయపెట్టింది. ఎక్స్‌రేలో తెల్లమచ్చ చూసి న్యుమోనియా అన్నారు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మార్చి మార్చి పెట్టినా లొంగలేదు. శ్రీకాకుళం తీసుకెళ్లాం.

అక్కడ ఛాతీ డాక్టరు సీటీ రాయగానే నాకు డై ఇంజెక్షన్ గుర్తొచ్చి గుండె జారింది. "డై అక్కర్లేదు బాబూ, ఊపిరితిత్తుల్ని సన్నటి ముక్కలుగా చూపే హెచ్‌ఆర్‌సీటీ చాలు, కిడ్నీకి భయం లేదు" అన్నారాయన. స్కాన్ కాసేపే. ఊపిరి బిగబట్టడమే కష్టం. కదిలితే బొమ్మ మసకబారుతుందని టెక్నీషియన్ బయట కుర్చీలోనే నాన్న చేత సాధన చేయించాడు, ఎంతో ఓపిగ్గా.

"ఏటి కనిపించిందిరా, పురుగా?" అని నాన్న.

డాక్టరు కంప్యూటర్లో చూపించారు. మామూలు బ్యాక్టీరియా న్యుమోనియాలో ఒక భాగమంతా తెల్లగా గట్టిపడి, మధ్యలో గాలిగొట్టాలు నల్లటి కొమ్మల్లా కనిపిస్తాయట. నాన్నకి గుండ్రటి గడ్డలు, ఒకదాని చుట్టూ పలచటి మసక వలయం. దాన్ని హేలో అంటారు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతే చుట్టూ రక్తం ఊరి అలా కనిపిస్తుంది.

"అయితే ఫంగసే కదా సార్?"

ఆయన ఒప్పుకోలేదు. టీబీలో, క్యాన్సర్లో కూడా ఆ వలయం ఉండొచ్చు. స్టెరాయిడ్లు వాడిన ఆయాసం రోగుల్లో ఫంగస్ ఉన్నా వలయం లేకుండా అచ్చం న్యుమోనియాలాగే ఉండొచ్చు. బొమ్మ అనుమానమే చెబుతుంది, పేరు తేల్చాల్సింది కఫం. నాన్నకి కఫం సరిగా రాలేదు. బ్రాంకోస్కోపీ చేసి, అంటే సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి, ఊపిరితిత్తిని కడిగిన నీటిని క్రిముల్ని పెంచి చూసే కల్చర్‌కి, టీబీని పట్టే సీబీనాట్‌కి, ఆస్పర్‌జిల్లస్ వదిలే పదార్థాన్ని వెతికే గెలాక్టోమానన్ పరీక్షకి పంపారు. తెల్లకణాలు బాగున్న ఇలాంటివాళ్లకి గెలాక్టోమానన్ రక్తంలో దొరక్కపోవచ్చు, కడిగిన నీటిలోనే నమ్మకం ఎక్కువ. ఏ భాగంలో కడగాలో చెప్పింది మాత్రం సీటీయే. నా లెక్కలో స్కాన్ ఖర్చు అక్కడే గిట్టుబాటయింది.

టీబీ లేదు. ఆస్పర్‌జిల్లస్ ఉంది. ఫంగస్‌కి వాడే ఆంఫోటెరిసిన్ అనే మందు కిడ్నీకి చేటని, దాని బదులు వొరికోనజోల్ మాత్రలు మొదలెట్టారు. భోజనానికి గంట ముందో, తిన్న గంటకో వేసుకోవాలి. దానితో పడదని కొలెస్ట్రాల్ మాత్ర ఆపారు, లివర్ పరీక్షలు చేయిస్తున్నారు. మొదట్లో లైట్లు మిలమిలలాడుతున్నాయని నాన్న కంగారుపడ్డారు. అది మందు గుణమేనట.

వారం తిరక్కుండానే మళ్లీ స్కాన్ తీయించేద్దామని నా ఆత్రం. మందు పనిచేస్తున్నా తొలి రోజుల్లో మచ్చలు పెరిగినట్టు కనిపించొచ్చని డాక్టరు ఆపారు. తర్వాత తీసినదాంట్లో గడ్డలు చిన్నవయ్యాయి. పాత సీడీ పక్కన పెట్టి పోల్చారు గనక ఆ సంగతి తెలిసింది. ఫిల్ములు, రిపోర్టు కాగితం సరే, సీడీ కూడా అడిగి తీసుకోండి.