ఎరోయికాలో తప్పుకున్న ట్రంపెట్

ఆదివారం. వారానికి సరిపడా ఐదు చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి. విసుగు పుట్టకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బేతోవెన్ మూడో సింఫనీ ‘ఎరోయికా’ (వీరుడి సింఫనీ అన్నమాట) పెట్టాను. మొదటి భాగం అయ్యేసరికి మూడు చొక్కాలు అవుతాయి, అదీ నా లెక్క.

ఆ భాగం చివర్లో ట్రంపెట్ అసలు రాగాన్ని అందుకుంటుంది. ఎప్పుడు విన్నా ఒళ్ళు ఝల్లుమనే చోటు. ఇవాళ కొత్త రికార్డింగులో మాత్రం రాగం పైకెక్కుతుండగా ట్రంపెట్ మాయమైంది! వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మాయం కాలేదు, మిగతా హోరులో కలిసిపోయింది. పాట వుడ్‌విండ్స్ చేతికి, అంటే ఫ్లూట్, క్లారినెట్ లాంటి వాద్యాల చేతికి వెళ్ళింది.

నా దగ్గరున్న పాత రికార్డింగులో అలా ఉండదు. నిజానికి బేతోవెన్ రాసింది ఇవాళ విన్నట్టే. ట్రంపెట్‌తో చివరిదాకా వాయించడం తర్వాతి కండక్టర్ల దిద్దుబాటు. ఆయన ఇది రాసిన 1803-04లో ఆర్కెస్ట్రా ట్రంపెట్‌కి స్వరాలు మార్చే మీటలే లేవు. పెదాల బిగువుతో ఆ గొట్టం ఏ స్వరాలిస్తే అవే దిక్కు. పై స్వరం బెడిసికొడుతుందని వదిలేశాడని కొందరంటారు. వీరుడు కూలిపోవడం చూపించాడని ఇంకొందరు. రెండోది నాకు కథలా అనిపిస్తుంది.

ఆ మీటలతో పనిచేసే వాల్వులకి స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు ప్రష్యాలో పేటెంట్ తీసుకున్నది 1818లో. అయినా బ్రామ్స్ అనే స్వరకర్త 1880ల్లో కూడా పాత ట్రంపెట్‌ని మనసులో పెట్టుకునే రాశాడు. మొండిఘటం.

నాలుగో చొక్కాకి ఇంకో స్వరకర్త మాలర్ ఐదో సింఫనీ. 1904లో జర్మనీలోని కొలోన్‌లో మొదటిసారి వినిపించింది. ఆర్కెస్ట్రా అంతా నోరు మూసుకుని కూర్చుంటే ఒక్క ట్రంపెట్ మొదలుపెడుతుంది. శవయాత్ర నడక. మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగుది. ఆ పొట్టివాటిని మిలిటరీ బాకాల్లా కాస్త తొందరగా వాయించమన్నాడు మాలర్. చిన్నప్పుడు ఇగ్లావ్ అనే ఊళ్ళో సైనికుల బాకాలు వింటూ పెరిగినవాడు మరి. ఈ ధ్యాసలో ఇస్త్రీపెట్టె కాలర్ మీదే ఉండిపోయింది. తెల్ల చొక్కా, పసుపు మచ్చ.

సాయంత్రం మా వీధిలో పెళ్ళి ఊరేగింపు, బ్యాండ్ మేళం. ఐదో చొక్కా వదిలేసి గేటు దగ్గర నిలబడ్డాను. పాటకీ పాటకీ మధ్య ట్రంపెట్ ఆయన దాన్ని వంచి, లోపలి నీళ్ళు రోడ్డు మీదికి దులిపాడు. మూడు మీటలూ టకటకా నొక్కి చూసుకున్నాడు. మధ్యది ఇరుక్కుంది. ఊడదీసి, నాలుకతో తడి చేసిన వేలితో ఒకసారి రాసి, మళ్ళీ బిగించాడు. ఈసారి లేచింది. పక్కనున్న డ్రమ్ము కుర్రాడికి తలాడించి పాట అందుకున్నాడు.