పెళ్లికొడుకులు ఎక్కువైన సొరుగులు

అరిజోనాలో ఉంటానంటే వైజాగ్‌లో ముందు అడిగేది 'ఏ కంపెనీ?' అనే. మ్యూజియంలో వెల్వెట్ చీమలు సర్దుతానని చెబితే పెదనాన్నకి నవ్వాగలేదు. "చీమల కోసం అంత దూరం వెళ్లాలేట్రా?"

అసలవి చీమలే కావు, కందిరీగలు. ఆడదానికి రెక్కలుండవు, ఒళ్లంతా నూగు, నేల మీదే పరుగు. ఫోటో చూసి అమ్మ ఆరుద్ర పురుగంది. ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్లు, పాపం ఎవర్నీ ఏమీ అనదు. దీనికి ఆరే. పట్టుకుంటే కీచుమంటుంది, వదలకపోతే కుడుతుంది. అమెరికాలో ఒక పెద్ద ఎర్ర రకాన్ని 'ఆవుల్ని చంపేది' అనే పిలుస్తారు. ఆవు చావదు గానీ, కుట్టించుకున్న మనిషి ఆవుకంటే గట్టిగా అరుస్తాడు.

నాకు టెన్షనంతా మగవాటితోనే. వాటికి రెక్కలుంటాయి, కొండి ఉండదు, చాలాసార్లు రంగూ కలవదు. జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కాలం నుంచీ, అంటే 1758 నుంచీ, దొరికినదానికి దొరికినట్టు పేర్లు పెట్టేశారు. దాంతో ఒకే జాతిలో ఆడదానికో పేరు, మగదానికో పేరు, మొగుడూ పెళ్లాలకి వేరువేరు రేషన్ కార్డులున్నట్టు. జత కట్టినప్పుడు పట్టుకోవాలి, లేదా డీఎన్ఏ కలిపి చూడాలి.

మొన్న అడవివరం దగ్గర ఒకటి కనిపించింది. ఎర్రటి ఛాతీ, నల్లటి పొట్ట మీద తెల్ల చుక్కలు. పెదనాన్న హవాయి చెప్పుతో తొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పేరేంటన్నారు. రెక్కల్లేవు కాబట్టి ఆడదని చెప్పాను, అంతే. రంగుని నమ్మలేం. ఒకే చోట ఉండే వేరే జాతులు కూడా అదే రంగులో తిరుగుతాయి, ఒకదానితో కుట్టించుకున్న బల్లి ఇంక దేని జోలికీ పోదు. మైక్రోస్కోప్ కింద పొట్ట చివరి పలక మీద గీతలున్నాయా, నున్నగా ఉందా అని చూడాలి. మగదైతే కంటి లోపలి అంచులో నొక్కుందా, జననాంగాలు ఎలా ఉన్నాయి అన్నది చూస్తాం.

అరిజోనాలో నాకిష్టమైనది డాసిముటిల్లా గ్లోరియోసా, ముసలమ్మ జుట్టంత తెల్లగా ఉంటుంది. అక్కడి ఎడారిలో పెరిగే క్రియోసోట్ అనే పొద తెల్ల నూగు కాయలా కనిపించడానికే ఆ తెలుపని చాలాకాలం అనుకున్నారు. ఆ పొదేమో దక్షిణ అమెరికా నుంచి వలస వచ్చినది. అది రాకముందే ఈ పురుగు తెల్లబడిందనీ, ఎండ తట్టుకోవడానికి ఆ తెలుపు పనికొస్తుందనీ 2020లో తేల్చారు.

రాత్రి తిరిగే జాతులతో ఇంకో తంటా. దీపానికి ఎగిరొచ్చేవి మగవే కాబట్టి సొరుగుల నిండా గోధుమరంగు పెళ్లికొడుకులే. చాలావాటికి ఆడది ఏదో ఇంకా తేలలేదు. సెలవైపోయి వెళ్లగానే నా టేబుల్ మీదికొచ్చేవి ఆ సొరుగులే.