హైదరాబాద్ ఓటీజీలో ట్యూబింగెన్ బ్రెడ్డు: పదిహేడు ప్రయత్నాల లెక్క

2014 నుంచి 2019 దాకా జర్మనీలో ట్యూబింగెన్‌లో ఉన్నాను. తిరిగొచ్చాక ఎవరైనా "అక్కడ ఏం బావుండేది?" అని అడిగితే నెక్కార్ నది, కొండ మీద కోట, రాళ్ళు పరిచిన సందులు అని ఏదో చెప్పేదాన్ని గానీ, నిజానికి ముందు గుర్తొచ్చేది బ్రెడ్డే. కొత్తలో దాన్ని చూసి మొహం చిట్లించుకున్నదాన్ని కూడా నేనే. నల్లగా, బరువుగా, పుల్లగా, కోయాలంటే రంపంలాంటి కత్తి కావాల్సిన ఆ బ్రెడ్డు ఏ రోజు నుంచి నచ్చడం మొదలైందో గుర్తులేదు, మూడో ఏడు వచ్చేసరికి మాత్రం మామూలు తెల్ల బ్రెడ్డు తింటే దూది నమిలినట్టు అనిపించేది.

ఈ జనవరిలో అదే ఇంట్లో, ఓటీజీలో (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు పొయ్యి) చేద్దామని మొదలుపెట్టాను. నాకు కావాల్సింది రోగెన్‌మిష్‌బ్రోట్. రోగెన్ అంటే రై ధాన్యం, మిష్ అంటే కలిపినది. సగానికి మించి రై, మిగతాది గోధుమ. రై 90 శాతం ఉంటే అది రోగెన్‌బ్రోట్ అయిపోతుంది, లెక్క అంత కచ్చితం. మూడు వేలకు పైగా బ్రెడ్డు రకాలు నమోదు చేసుకుని, 2014లో తమ బ్రెడ్డు సంస్కృతిని దేశ వారసత్వ జాబితాలో చేర్చుకున్న వాళ్ళు మరి. ఎప్పటికప్పుడు నోట్సు రాసుకున్నాను, అదే ఇక్కడ పెడుతున్నాను. మీలో ఎవరైనా మొదలుపెడితే నా మొదటి ఆరు బ్రెడ్లు మీరు చేయక్కర్లేదు.

జనవరి

పిండి వేట. కిరాణా కొట్టులో "రై పిండి ఉందా" అంటే ఆవాల పొడి తెచ్చి ఇచ్చాడు. ఆయన తప్పేం లేదు, హిందీలో రై అంటే ఆవాలే. చివరికి ఆన్‌లైన్‌లో రెండు కిలోలు తెప్పించాను. జర్మనీలో అయితే ప్యాకెట్ మీద 405, 550, 1050, 1150 అని నంబర్లుంటాయి. వంద గ్రాముల పిండిని కాల్చేస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ నంబరు. ఎక్కువ ఉంటే తవుడు ఎక్కువన్నమాట. ఇక్కడ అవేం ఉండవు కాబట్టి ముట్టుకుని చూసుకోవడమే.

పులుపు (బ్రెడ్డుని పొంగించే పులిసిన పిండి, ఇంగ్లీషులో సోర్‌డో స్టార్టర్) తయారీ: 50 గ్రాముల రై పిండి, 50 గ్రాముల నీళ్ళు గాజు సీసాలో కలిపి వంటగట్టు మీద పెట్టాను. రోజూ సగం తీసేసి అంతే పిండి, అన్నే నీళ్ళు వేయడం. రెండో రోజుకే బుసబుసా పొంగింది. నేను ఎగిరి గంతేశాను. మూడో రోజు చచ్చినట్టు పడుంది. ఇది అందరికీ జరిగేదే, మొదట పొంగించేది మనకి కావాల్సిన ఈస్టు కాదు, వేరే బాక్టీరియా, పులుపు పెరిగేకొద్దీ అది పోయి అసలు సరుకు వస్తుంది. మూడో రోజు పారబోయకండి. ఏడో రోజుకి పండిన యాపిల్ లాంటి వాసన, నాలుగు గంటల్లో రెండింతలు. అమ్మ మూత తీసి చూసి "నిన్నటి దోసెపిండి కదే ఇది, దీనికి వారం పట్టిందా?" అంది.

ఫిబ్రవరి – బ్రెడ్డు 1 నుంచి 4

ఇటుకలు. ఇంకేం రాయను. ఒక్క సంగతి మాత్రం చెప్తాను: గోధుమ పిండిని పిసికినట్టు రైని పావుగంట పిసికాను, సాగుతుందేమోనని. సాగదు. గోధుమలో బంధం గ్లూటెన్ వల్ల వస్తుంది, రైలో నీళ్ళు పీల్చుకునే జిగురు పదార్థం వేరే ఉంటుంది, ఆ పిండి తడి బంకమట్టిలా చేతికి అంటుకుంటూనే ఉంటుంది. అది తప్పు కాదు, దాని తత్వం. ఐదారు నిమిషాలు గరిటెతో కలిపితే చాలు, చేతులు తడి చేసుకుని ముద్ద కట్టుకోవాలి. అంటుకుంటోంది కదా అని పొడి పిండి చల్లుకుంటూ పోయాను, ఇటుక అయ్యేది అక్కడే.

నాలుగోది కాస్త తినగలిగేలా ఉంది. రాత్రి దాన్నే చెక్క పలక మీద పెట్టుకుని, వెన్న, చీజు, ముల్లంగి చక్రాలతో తిన్నాను. ట్యూబింగెన్‌లో మా ఇంటి ఓనరు, డెబ్బై దాటిన పెద్దావిడ, మొదటిసారి రాత్రి భోజనానికి పిలిచినప్పుడు నేను మధ్యాహ్నం కూడా మానేసి ఆకలి దాచుకుని వెళ్ళాను. బల్ల మీద చెక్క పలకలు, బ్రెడ్డు, వెన్న, రెండు చీజులు, ఊరగాయ దోసకాయలు. పొయ్యి చల్లగా ఉంది. ఆవిడకి ఒంట్లో బాలేదేమో, వండలేకపోయిందేమో అని లోపల్లోపల జాలిపడ్డాను. తర్వాత తెలిసింది, దాన్ని ఆబెంట్‌బ్రోట్ అంటారని, పేరులోనే సాయంత్రపు బ్రెడ్డు అని ఉందని, వేడి వంట చాలా ఇళ్ళలో మధ్యాహ్నమేనని. ఆ చివరి ముక్క, పెచ్చు ఎక్కువుండేది, దాన్ని అక్కడి యాసలో క్నాయ్‌స్లె అంటారు, ఆవిడ ఎప్పుడూ అది నా పలక మీద పెట్టేది. అయినా రెండేళ్ళ పాటు నన్ను "జీ" అనే పిలిచింది, మన "మీరు" లాగా. "డూ"లోకి దిగిన రోజు చిన్న గ్లాసులో ఏదో పళ్ళ సారా పోసింది. అది గొంతులోంచి దిగేటప్పుడు నాకు తెలుగు కూడా మర్చిపోయినంత పనైంది.

మార్చి – బ్రెడ్డు 5 నుంచి 8

ఐదు, ఆరు చూడ్డానికి అందంగా వచ్చాయి, లోపల జిగట. కత్తికి చిక్కటి గంజిలా అంటుకుంది. రెండు కారణాలు తేలాయి.

ఒకటి, పులుపు చాల్లేదు. రైలో ఒక ఎంజైము ఉంటుంది, పొయ్యిలో వేడెక్కేటప్పుడు అది పిండిపదార్థాన్ని విరగ్గొట్టి చక్కెర చేసేస్తుంది, లోపలంతా జిగురవుతుంది. పులుపు ఉంటే అది అణిగి ఉంటుంది. అంటే రైకి పులుపు రుచి కోసమే కాదు, బ్రెడ్డు నిలబడడానికే కావాలి. ఈస్టు ఒక్కటే వేసి అడ్డదారిలో వెళ్దామంటే కుదరదు. అప్పట్నుంచి మొత్తం రైలో మూడింట రెండొంతులు ముందే పులియబెట్టేస్తున్నాను.

రెండోది నా ఆత్రం. వేడివేడిగా కోసేశాను. రై బ్రెడ్డు చల్లారాక కూడా లోపల సర్దుకుంటూ ఉంటుంది, కనీసం పన్నెండు గంటలు, బాగుండాలంటే ఇరవై నాలుగు. ముతక గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టి తాళం వేసుకోవాల్సినంత పని. ఏడోది అలా ఆపితే మొదటిసారి కత్తి శుభ్రంగా బయటికొచ్చింది.

ఎనిమిదోదానికి మసాలా వేశాను. జర్మనీ దక్షిణాన బ్రెడ్డులో వేసే పొడి ఏమిటో తెలుసా, ధనియాలు, సోంపు, క్యుమ్మెల్ (ఇంగ్లీషులో కారవే). మొదటి రెండూ మన డబ్బాలోవే. క్యుమ్మెల్ మాత్రం జీలకర్రలా కనిపిస్తుంది, కానీ కాదు. వెళ్ళిన మొదటి నెలలో జీలకర్ర అనుకుని అదే కొని చారు పెట్టాను. ఇంటికి వచ్చిన ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు మొహమాటానికి తాగారు, ఇప్పటికీ కలిస్తే ఆ చారు ఎత్తుతారు. మన జీలకర్రని వాళ్ళు క్రోయ్ట్స్‌క్యుమ్మెల్ అంటారు, కొత్తగా వెళ్ళేవాళ్ళు రాసి పెట్టుకోండి.

ఏప్రిల్, మే – బ్రెడ్డు 9 నుంచి 12

ఎండలు. అసలు యుద్ధం ఇదే, ఎందుకంటే నేను చూస్తున్న వంటకాలన్నీ చల్లటి దేశం వాళ్ళు రాసినవి. "రాత్రి కలిపి పెట్టండి, పన్నెండు నుంచి పదహారు గంటలు" అని ఉంటుంది. మా వంటింట్లో సాయంత్రం 35 డిగ్రీలు. రాత్రి పదకొండుకి కలిపి పెట్టి పొద్దున ఆరింటికి చూస్తే పులుపు పొంగి, కూలి, పైన నీళ్ళు తేలి, నెయిల్ పాలిష్ తీసే మందు వాసన. తొమ్మిది, పది అలాగే పోయాయి. పదోదైతే పొయ్యిలో పెట్టగానే పరుచుకుని మినపరొట్టెలా అయింది.

మార్చినవి: పాత పులుపు 20 గ్రాముల బదులు 8 గ్రాములే వేశాను. నీళ్ళు ఫ్రిజ్‌లోవి. కలిపేటప్పుడే మొత్తం ఉప్పులో సగం వేశాను, ఉప్పు పులియడాన్ని నెమ్మది చేస్తుంది. గిన్నెని తడిగుడ్డ చుట్టి, పడకగదిలో ఏసీ 26 దగ్గర మాతో పాటే పడుకోబెట్టాను. మా ఆయన ఏమీ అనలేదు, ఒక చూపు చూశాడు. పొద్దుటికి సరిగ్గా పైన సన్నటి పగుళ్ళతో, పొంగి, ఇంకా కూలకుండా ఉంది. అలా కూలకముందే వాడేయాలి, ఆ పగుళ్ళే గుర్తు.

గోధుమ వైపు కూడా ఒక సర్దుబాటు. మన చక్కీ ఆటా రాళ్ళ మధ్య బాగా నలుగుతుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అచ్చంగా అదే వేస్తే బ్రెడ్డు బరువెక్కుతోంది. జల్లించిన ఆటా సగం, మైదా సగం కలిపితే అక్కడి 1050కి దగ్గరగా ఉన్నట్టు అనిపించింది.

జూన్ – దారి తప్పి బ్రేట్సెల్

పన్నెండోది బాగా వచ్చిన గర్వంతో బ్రేట్సెల్, అంటే ముడి వేసినట్టుండే ప్రెట్జెల్ రొట్టె, చేశాను. స్వాబియా (ట్యూబింగెన్ ఉన్న ప్రాంతం) వాళ్ళది పక్కనున్న బవేరియా వాళ్ళ దానిలా ఉండదు. చేతులు సన్నగా కరకరలాడాలి, పొట్ట లావుగా మెత్తగా ఉండాలి, పొట్ట మీద ఒక కోత, అది తెల్లగా విచ్చుకోవాలి. బేకరీ వాళ్ళు కాస్టిక్ సోడా పల్చటి ద్రావణంలో ముంచుతారు. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి నేను దాని జోలికి పోలేదు. వంటసోడాని ట్రేలో పరిచి 130 డిగ్రీల దగ్గర గంటన్నర పెడితే అది సోడియం కార్బొనేట్ అవుతుంది, బరువు మూడో వంతు పైగా తగ్గుతుంది, అలా తగ్గిందంటే పని అయినట్టే. లీటరు నీళ్ళకి 35 గ్రాములు, అర నిమిషం ముంచడం. ఇది కూడా చర్మానికి మంచిది కాదు, గ్లవ్స్ వేసుకోండి, అల్యూమినియం గిన్నె వాడకండి. రంగు ముప్పావు వంతు వచ్చింది. రుచి దాదాపు అదే.

బ్రేట్సెల్ పుట్టింది ఊరాఖ్‌లోనని ఒక కథ చెప్తారు. తప్పు చేసిన రొట్టెల మాస్టారికి అక్కడి ప్రభువు "సూర్యుడు మూడుసార్లు కనిపించే రొట్టె చేస్తే ప్రాణం వదిలేస్తా" అన్నాడట, అందుకే మూడు కన్నాలు. కథే అనుకోండి. మేము ఆ ఊరాఖ్‌కి ఎన్ని ఆదివారాలు వెళ్ళామో. మెట్సింగెన్‌లో రైలు మారితే "బాడ్ ఊరాఖ్ వాసర్‌ఫాల్" అనే చిన్న స్టేషనుంటుంది, దిగి నడిస్తే 37 మీటర్ల నుంచి పడే జలపాతం. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే బ్రెడ్డు కొని, పొద్దున్నే వెన్న రాసి, కాగితంలో చుట్టి సంచిలో వేసుకునేవాళ్ళం. పైకెక్కాక గడ్డిమైదానం, అంచున కూర్చుంటే కింద యాపిల్, పియర్ చెట్లు ఎవరో తీరిగ్గా విసిరేసినట్టు అక్కడక్కడా. చెట్ల కింద గడ్డి, పైన పళ్ళు, వరసలు లేని తోటలు. ఏప్రిల్ ఆఖర్లో అవన్నీ ఒక్కసారి పూస్తాయి. ఆ గాలిలో తిన్న బ్రెడ్డుతో నా ఓటీజీ బ్రెడ్డుని పోల్చడం అన్యాయమని తెలుసు, అయినా పోలుస్తూనే ఉంటాను.

జూలై – బ్రెడ్డు 13 నుంచి 15

వానలు, వంటిల్లు 28 డిగ్రీలు, హాయిగా ఉంది. తేమ వల్ల పిండి ముందే నీళ్ళు పీల్చుకుని ఉంటోంది, 10 గ్రాములు తగ్గించాను. పెద్ద విశేషాలేం లేవు. మధ్యలో ఒకరోజు ష్పెట్స్‌లే, పప్పు చేశాను. ష్పెట్స్‌లే అంటే గుడ్డు పిండిని చెక్క మీద పరిచి మరిగే నీళ్ళలోకి గీరేది, దాని పక్కన వెనిగర్ పడిన మసూర్ లాంటి పప్పు. వాళ్ళు సాసేజ్ కూడా పెడతారు, నేను మానేశాను. అక్కడి కొండ ప్రాంతపు పాత పప్పు రకం సాగులోంచి పూర్తిగా పోతే, 2006లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విత్తనాల బ్యాంకులో దొరికి మళ్ళీ వేసుకున్నారు. పుల్లటి పప్పు కోసం రష్యా దాకా వెళ్ళిన వాళ్ళంటే నాకు సొంత మనుషుల్లా అనిపిస్తారు.

ఆగస్టు – బ్రెడ్డు 16, 17

ఇప్పుడు స్థిరపడిన కొలత ఇది. రాత్రి: రై 200, నీళ్ళు 200, పాత పులుపు 15 గ్రాములు. పొద్దున దానికి రై 100, జల్లించిన ఆటా 100, మైదా 100, నీళ్ళు 165, ఉప్పు 10, క్యుమ్మెల్ అర చెంచా. ఐదు నిమిషాలు కలిపి, అరగంట ఊరుకుని, తడి చేతులతో గుండ్రంగా చేసి పిండి చల్లిన వెదురు బుట్టలో గంట. ఓటీజీ 250 డిగ్రీలకి అరగంట ముందే వేడెక్కాలి, అడుగున ఇనుప మూకుడు పెట్టి, బ్రెడ్డు లోపల పెట్టగానే మూకుట్లో అర గ్లాసు మరిగే నీళ్ళు పోసి తలుపు వేసేయాలి, మొహం దూరంగా పెట్టండి. పది నిమిషాలయ్యాక తలుపు తీసి ఆవిరి వదిలి, 200కి తగ్గించి ఇంకో 45 నిమిషాలు. లోపలి వేడి 97 డిగ్రీలు దాటాలి. థర్మామీటరు లేకపోతే అడుగున తడితే బోలుగా మోగాలి.

పదిహేడోది ఫోటో తీసి ఓనరమ్మకి పంపాను. సాయంత్రానికి జవాబొచ్చింది: "అడుగు సరిగా కాలింది." అంతే. తెలియనివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు గానీ, ఆ ప్రాంతంలో తిట్టలేదంటే మెచ్చుకున్నట్టేనని వాళ్ళే సామెతగా చెప్పుకుంటారు. రెండు నిమిషాల తర్వాత ఇంకోటి వచ్చింది, పెచ్చు ఇంకా నల్లగా ఉండాలి, భయపడకు, అని. కాబట్టి పద్దెనిమిదోది చివరి ఎనిమిది నిమిషాలు 230 దగ్గర, తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి. శనివారం కాలుస్తాను, ఆదివారం సాయంత్రం దాకా కోయను. అమ్మకి కూడా చెప్పి ఉంచాను.