లూషాన్ కొండ మీద చెట్ల తోట

చైనాలోని జియాంగ్షీ రాష్ట్రంలో ఉన్న లూషాన్ బొటానికల్ గార్డెన్ దాకా వెళ్లేవాళ్లలో చాలామంది చూపు పక్కనున్న హాన్‌పోకౌ వ్యూపాయింట్ మీదే ఉంటుంది. అక్కణ్ణుంచి పోయాంగ్ సరస్సు కనిపించాలి. మేం నిలబడినప్పుడు కనిపించింది పొగమంచే. ఉత్తరాన యాంగ్జీ నది, ఆగ్నేయాన సరస్సు, మధ్యలో నిటారుగా లేచిన కొండ. తేమగాలి ఎక్కి చల్లబడి మంచవుతుంది. ఏడాదిలో సుమారు 190 రోజులు ఇక్కడ ఇదే వరస. సరస్సు కనిపించలేదని వెనుదిరిగితే మాత్రం నష్టం మీదే. చెట్లు చూడ్డానికి మంచు అడ్డు కాదు.

1934లో వృక్షశాస్త్రవేత్తలు హు షియన్‌సు, చిన్ రెన్‌చాంగ్, చెన్ ఫెంగ్‌హువాయ్ ఈ తోటను మొదలుపెట్టారు. ముగ్గురి సమాధులూ ఇక్కడే ఉన్నాయి. చిన్ ఫెర్న్ మొక్కల్లో దిట్ట. 1948లో మెటాసెక్వోయాకు శాస్త్రీయ నామం పెట్టిన ఇద్దరిలో హు ఒకరు. శిలాజాల్లోనే మిగిలిందనుకున్న ఈ చెట్టు అంతకు కొన్నేళ్ల ముందే చైనాలో సజీవంగా దొరికింది.

సమయం తక్కువుంటే గ్రీన్‌హౌస్ వదిలేసి పైన్, సైప్రస్ జాతుల వైపు నడవండి. మెటాసెక్వోయాను బాల్డ్ సైప్రస్ అనుకుని పొరబడటం మామూలే, రెండూ చలికాలంలో ఆకు రాలుస్తాయి. చిన్న రెమ్మ చేతిలోకి తీసుకోండి. సన్నటి ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటే మెటాసెక్వోయా, ఒకదాని తర్వాత ఒకటి అటూ ఇటూ ఉంటే బాల్డ్ సైప్రస్. గోల్డెన్ లార్చ్‌కి పొట్టి కొమ్మల చివర ఆకులు చక్రంలా విచ్చుకుంటాయి. శరదృతువులో బంగారు రంగుకి తిరిగి రాలిపోతాయి.

సంస్కృతం, పాళీ చదివిన చరిత్రకారుడు చెన్ యిన్‌కే సమాధి కూడా ఈ తోటలోనే ఉంది. ఆయన చెన్ ఫెంగ్‌హువాయ్‌కి బాబాయి. మనవాళ్లెవరూ దాని ఊసెత్తరు గానీ, ఆగి చూడదగ్గది.

జ్యూజియాంగ్ నగరం దాకా రైల్లో వచ్చి, కొండ మీది గూలింగ్ ఊళ్లో బస చేస్తే తోటకి టూరిస్టు బస్సులుంటాయి. టికెట్‌కి పాస్‌పోర్టు కావాలి. అక్కడ డబ్బు చెల్లించే యాప్‌లు అలీపే గానీ వీచాట్ గానీ ఇంటి దగ్గరే కార్డుతో జతచేసుకోండి, కొండెక్కాక ఓటీపీ రాకపోతే ఇబ్బంది. వేసవిలోనైనా స్వెటర్, రెయిన్‌కోటు ఉండాలి. నాచు పట్టిన రాతిమెట్ల మీద నున్నటి అడుగు బూట్లు జారతాయి. రోడోడెండ్రాన్ పూల కోసమైతే ఏప్రిల్ చివర, మే నెల. పసుపెక్కిన లార్చ్ కోసమైతే అక్టోబరు చివర. అయితే అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, ఆ రోజుల్లో బస్సు క్యూలోనే సగం పూట గడిచిపోతుంది.