అమ్మ పేరు, ఓవర్‌సైట్ అనే మాట

అమ్మకు కుటుంబ పింఛను మంజూరైన ఉత్తర్వు నిన్ననే చేతికి వచ్చింది. నాన్న పోయి ఏడు నెలలు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, బ్యాంకు ఖాతా అన్నీ సులువుగానే అయ్యాయి.

చిక్కంతా ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర వచ్చింది. నాన్న సర్వీసు రిజిస్టరులో అమ్మ పేరు లేదు. ఎందుకు లేదని నల్లగొండ కార్యాలయంలో అర్జీ పెడితే, 'బై ఓవర్‌సైట్' నమోదు కాలేదని ఇంగ్లీషులో జవాబిచ్చారు. ఫోనులో నిఘంటువు తెరిస్తే మొదటి అర్థం 'పర్యవేక్షణ'. అంటే ఎవరో దగ్గరుండి మరీ అమ్మ పేరు రాయనివ్వలేదనుకున్నాను. కడుపు మండి, ఆ పర్యవేక్షించిందెవరో చెప్పమని రెండు పేజీలు రాసిచ్చాను.

గుమస్తా దాన్ని గదిలో అందరికీ వినబడేలా చదివాడు. "ఏమయ్యా, డిగ్రీ చదివావు, ఈ మాత్రం ఇంగ్లీషు రాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. బెంచీ మీద కూర్చున్న అమ్మకు ఆ ఇంగ్లీషు మాట తెలియకపోయినా, నవ్వేది నన్ను చూసేనని తెలిసింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. తెలుగే కూడబలుక్కుని చదివే మనిషికి ఇంగ్లీషులో జవాబు రాసినవాళ్లు సిగ్గుపడాలి, నేను కాదు.

మిర్యాలగూడలో మా పెదనాన్న ఇంగ్లీషు పంతులుగా చేసి రిటైరయ్యారు. ఆయన విడమరిచి చెప్పారు: "ఆ మాటకు ఒకదానికొకటి ఎదురుతిరిగే అర్థాలురా. పైనుండి కనిపెట్టి చూడటమూ అదే, చూపు దాటిపోయి పొరపాటు పడటమూ అదే. అమెరికా దిగువ సభలో ప్రభుత్వ పనిని కనిపెట్టే ఓవర్‌సైట్ కమిటీ ఉంది, అక్కడ పర్యవేక్షణ. ముందు 'బై' గానీ 'యాన్' గానీ వస్తే సాధారణంగా పొరపాటే. క్రియల్లో ఓవర్‌సీ అంటే పర్యవేక్షించడం, చూడక వదిలేస్తే ఓవర్‌లుక్."

అంటే అది వాళ్ల తప్పును వాళ్లే ఒప్పుకున్న కాగితం! మర్నాడే తెలుగులో నాలుగు వాక్యాలు రాశాను: పొరపాటు మీదేనని మీరే రాశారు, సరిదిద్దండి. వాళ్ల జవాబు నకలు జతచేసి పై అధికారి చేతికే ఇచ్చి, నా ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. మీరూ గుమస్తా చేతిలో పెట్టి రావద్దు. 19 రోజుల్లో పేరు ఎక్కింది.

నిన్నటి ఉత్తర్వులో అమ్మ పేరు తెలుగులో ఉంది. దాని కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే పైకి చదువుకుంది.