టిన్నులు ముందే ఏరుకోవాలి

పలాసలో జీడిపప్పు వ్యాపారులకి లెక్కలు రాసిపెట్టడం నా పని. గోడౌన్ స్టాకు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో, అంటే ట్యాగుల్లో ఒకదానిలో ఒకటి అమర్చి రాసిన ఫైల్లో, ఉంటుంది. లోపల లాట్లు, లాటులో టిన్నులు. దాన్ని ప్రింటుకి పనికొచ్చే పట్టికగా మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. 1999 నాటి 1.0 వెర్షనే వాడతాను, దాన్ని నడిపేందుకు నా దగ్గరున్న ప్రోగ్రాం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌కి వచ్చేది అంతవరకే.

కొత్తగా చేరిన కుర్రాడు పైథాన్ నేర్చుకుని వచ్చాడు. 320 రకం, అంటే పౌనుకి 300 నుంచి 320 పలుకులు తూగే పప్పు, ఆ టిన్నుల లిస్టు తియ్యమన్నాను. ఫర్-ఈచ్‌తో (ఏరినవాటిని ఒక్కొక్కటిగా తిప్పే ఆదేశం) టిన్నులన్నీ తిప్పి లోపల 320 అయితేనే రాయమని ఇఫ్ పెట్టాడు. లిస్టయితే వచ్చింది గానీ వరస నంబర్లు 2, 5, 6, 11 అని పడ్డాయి. వరస నంబరిచ్చే పొజిషన్ ఫంక్షన్ లెక్కపెట్టేది సెలెక్ట్ (ఏవి ఏరాలో ఫర్-ఈచ్‌కి చెప్పే దారి) ఏరిన నోడ్లని, అంటే ఇక్కడ టిన్నులన్నిటినీ. ఇఫ్ దాటి ఎన్ని బయటికొచ్చాయో దానికి అనవసరం.

"అన్నా, కౌంటర్ ఒకటి పెట్టి పెంచుకుంటూ పోనా?" అన్నాడు. ఇక్కడ ఆ పప్పులుడకవు. వేరియబుల్‌కి ఒకసారి విలువిచ్చాక మళ్లీ మార్చనివ్వదు.

సెలెక్ట్‌లోనే //టిన్ను[@రకం='320'] అని, అంటే రకం 320 అని ఉన్న టిన్నులే కావాలని రాస్తే ఇఫ్ అక్కర్లేదు, నంబర్లు 1, 2, 3 అని వాటంతటవే వస్తాయి. మొత్తం బరువుకీ అంతే, అదే దారి చివర /@బరువు తగిలించి సమ్ ఫంక్షన్‌కి ఇస్తే సరి. (ట్యాగులకి తెలుగు పేర్లేంటి అనకండి. ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటుంది, షావుకారుకీ అర్థమవుతుంది.)

తర్వాత లాటు వారీగా కావాలన్నాను. బయట లాటుకో ఫర్-ఈచ్, లోపల //టిన్నుతో ఇంకోటి పెట్టాడు. ప్రతి లాటు కిందా గోడౌన్‌లోని టిన్నులన్నీ వరసకట్టాయి! ఫర్-ఈచ్ లోపల మనం నిలబడేది ఆ లాటు దగ్గరే. కానీ రెండు గీతలతో మొదలైన దారి ఎక్కడున్నా ఫైలు మొదటికి పోయి వెతుకుతుంది. ఉత్త టిన్ను అంటే చాలు. ఇంకా లోతున ఉంటే ముందు చుక్క పెట్టి .//టిన్ను.

నాకే చిరాకనిపించేది //టిన్ను[1]. ఫైల్లో మొదటి టిన్ను ఒక్కటే వస్తుందనుకుంటాం, ప్రతి లాటులోనూ మొదటిది వస్తుంది. ఒక్కటే కావాలంటే (//టిన్ను)[1] అని బ్రాకెట్లు వెయ్యాలి.

రకాల వారీ గుంపులు ఇంకా చూపించలేదు. 2007లో వచ్చిన 2.0లో దానికి ఫర్-ఈచ్-గ్రూప్ ఉంది. మా 1.0లో కీలతో, అంటే ముందే కట్టుకున్న సూచికలతో, తిప్పలు పడాలి. పిక్కల సీజను హడావిడి తగ్గాక కూర్చోబెట్టి చెప్తాను.